నీళ్ళలో నీడలు ఫోటో తీసేవాళ్ళకి సీపీఎల్ ఫిల్టర్ పనికొస్తుందా? రెండేళ్ళు వాడాక చెప్తున్నా

రెండేళ్ళ కిందట కోఠి గుజరాతీ గల్లీలో ఒక కొట్టుకెళ్ళి సీపీఎల్ ఫిల్టర్ (సర్క్యులర్ పోలరైజర్, లెన్స్ ముందు బిగించి తిప్పే గాజు, ఒక దిశలో ఊగే వెలుగుని ఆపుతుంది) అడిగితే, కౌంటర్ దగ్గర కూర్చున్న పెద్దాయన ముందు నువ్వు తీసే ఫోటోలు చూపించు బాబూ అన్నాడు. ఫోన్ తీసి చూపించా. చెరువులో కొండ నీడ, వాన గుంటలో గోపురం నీడ, తడిసిన రోడ్డు మీద ఆటో లైట్లు, అన్నీ ఇవే. ఆయన అన్నీ ఓపిగ్గా చూసి "ఇది రిఫ్లెక్షన్‌ని తీసేసే ఫిల్టర్ బాబూ, నీ ఫోటోల్లో ఉన్నదే రిఫ్లెక్షన్, ఇంక నీకెందుకిది" అన్నాడు. అమ్ముకునే మనిషి వద్దని చెప్పడం చూసి నాకు చాలా గౌరవం కలిగింది, అయినా కొనుక్కునే వచ్చా. ఆయన చెప్పింది నిజమే, కానీ అది సగమే. మిగతా సగం నాకు అర్థం కావడానికి ఒక చలికాలం పట్టింది, అది రాద్దామనే ఈ రివ్యూ.

నేను తీసుకున్నది 67 ఎంఎం సైజు, పల్చటి ఫ్రేమ్ ఉన్నది, అప్పట్లో 2,800 పెట్టా. నా 18-135 ఎంఎం జూమ్ లెన్స్‌కి నేరుగా ఎక్కుతుంది, కెమెరాతో వచ్చిన పాత లెన్స్‌కి 58 నుంచి 67కి మార్చే స్టెప్ అప్ రింగ్ ఒకటి వేసుకుని వాడుతున్నా. ప్రతి లెన్స్‌కీ ఒక ఫిల్టర్ కొనక్కర్లేదు, ఉన్నవాటిలో పెద్ద సైజుది కొని మిగతావాటికి రింగులు తీసుకుంటే డబ్బులు చాలా మిగులుతాయి.

ఇప్పుడు అసలు సంగతి. నీళ్ళ మీద పడి మన వైపు వచ్చే వెలుగు మామూలు వెలుగు కాదు, అది చాలావరకు ఒకే దిశలో, అడ్డంగా ఊగుతూ వస్తుంది. ఫిల్టర్ తిప్పి ఆ దిశని ఆపేస్తే తళతళ పోయి నీళ్ళ అడుగు కనబడుతుంది, అందరికీ తెలిసిన వాడకం ఇదే. కానీ అక్కడి నుంచి ఇంకో 90 డిగ్రీలు తిప్పండి. అప్పుడు నీడ తాలూకు వెలుగు దాదాపు మొత్తం లోపలికొస్తుంది, నీళ్ళలోని మట్టి రంగు, అడుగున ఉన్న నాచు, వీటి నుంచి వచ్చే వెలుగు మాత్రం సుమారు సగం ఆగిపోతుంది. అంటే నీడ మీద కప్పినట్టుండే ఆ మసక తెర పల్చబడి నీడ చిక్కబడుతుంది! మన చెరువుల నీళ్ళు ఎక్కువగా ఎర్రగానో పచ్చగానో ఉంటాయి కాబట్టి మనకి ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. నీడని చంపే ఫిల్టరే నీడని పెంచుతుంది కూడా, అంతా ఎటు తిప్పామన్న దాన్ని బట్టే.

అయితే ఇది అన్ని కోణాల్లోనూ పనిచేయదు, కొనేముందు ఇది తెలుసుకోవాలి. నీటికి నిట్టనిలువు గీత నుంచి 53 డిగ్రీల కోణంలో దీని బలం పూర్తిగా ఉంటుంది, అంటే మనం నీళ్ళ మట్టం నుంచి సుమారు 37 డిగ్రీలు కిందకి చూస్తున్నప్పుడన్నమాట. కెమెరా నీటికి మీటరున్నర ఎత్తులో ఉంటే మన ముందు రెండు మీటర్ల దూరంలో ఉన్న నీళ్ళ దగ్గర అది పడుతుంది. నేరుగా కిందకి చూసినా పనిచేయదు, బాగా దూరంగా ఏటవాలుగా చూసినా పనిచేయదు.

ఇది లోపం అనుకున్నా మొదట్లో. రామప్ప చెరువు దగ్గర ఒక డిసెంబర్ పొద్దున ఆ అభిప్రాయం మారిపోయింది. పాలంపేటలో గుడికి దగ్గర్లోనే ఉంది కదా ఆ కాకతీయుల నాటి చెరువు, చుట్టూ కొండలు, గాలి లేవకముందు నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు ఉంటాయి. నీళ్ళ అంచున నిలబడి ఫిల్టర్ మెల్లగా తిప్పుతుంటే నా కాళ్ళ ముందున్న నీళ్ళలో తెల్లదనం తొలగిపోయి అడుగున గులకరాళ్ళు, పాకుతున్న నాచు తేలాయి, అదే ఫ్రేమ్‌లో పైన దూరంగా కొండల నీడ మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంది. దగ్గరది చెరువు లోపల, దూరంది చెరువు పైన, రెండూ ఒకే ఫోటోలో. ఎందుకంటే కాళ్ళ దగ్గర కోణం 37కి దగ్గరగా ఉంది, కొండల నీడ పడ్డచోట ఏటవాలుగా ఉంది, అందుకే ఫిల్టర్ దాన్ని ముట్టుకోలేదు. ఈ ఒక్క ఫోటో కోసం ఫిల్టర్ కొనొచ్చని నేను మనస్ఫూర్తిగా చెప్తా, కంప్యూటర్‌లో కూర్చుని ఎంత ఎడిట్ చేసినా అది రాదు, ఎందుకంటే తళతళ కింద దాగిపోయిన రాయి ఫైల్‌లో ఉండదు కదా.

అదే పొద్దున ఇంకో పాఠం కూడా నేర్చుకున్నా. కెమెరాని నీటికి జానెడు ఎత్తులో పెట్టి తీస్తే నీడ గట్టిగా వస్తుంది, అంత ఏటవాలుగా చూసినప్పుడు నీళ్ళు దాదాపు అద్దమే, నేరుగా పైనుంచి చూస్తే మాత్రం నూటికి రెండు వంతుల వెలుగే తిరిగొస్తుంది. ఆ జానెడు ఎత్తులో సీపీఎల్ చేసేదేమీ ఉండదు, పైగా ఒకటిన్నర స్టాప్ వెలుగు తినేస్తుంది (ఒక స్టాప్ అంటే వెలుగు సగమవడం), 60వ వంతు సెకనులో వచ్చే ఫోటోకి 20వ వంతు కావాలి, పొద్దుపొడవక ముందు అసలే వెలుగు తక్కువ, చేత్తో పట్టుకుంటే కదిలిపోతుంది. అందుకే ఇప్పుడు కింద కూర్చుని తీసేటప్పుడు ఫిల్టర్ తీసి జేబులో వేసుకుంటా.

ఈ మాట ఫిల్టర్‌కి నేరుగా సంబంధం లేదు కానీ చెప్పాలనుంది. నీళ్ళలో నీడ పైనున్న దానికి కాపీ కాదు. నీళ్ళ మట్టానికి మన కెమెరా ఎంత ఎత్తులో ఉందో అంతే లోతు నుంచి పైకి చూస్తే ఏం కనబడుతుందో అదే నీడలో కనబడుతుంది. లక్నవరంలో వేలాడే వంతెన తీసినప్పుడు పైన వంతెన పక్కభాగం ఉంది, నీడలో దాని అడుగుభాగం వచ్చింది. గట్టు మీద చెట్టు వెనక కొండ కనబడుతున్నా నీడలో చెట్టే కొండని కప్పేసింది. ఇది తెలిశాక సగం ఫోటోని తిరగేసి కింద అతికించిన దొంగ నీడలు ఇట్టే దొరికిపోతున్నాయి నాకు. మన పెద్దవాళ్ళు ప్రతిబింబాన్ని కూడా నీడే అంటారు, చెరువులో గుడి నీడ అంటారు, నేనూ అదే మాట వాడుతున్నా, నాకు అదే బావుంటుంది.

చెరువు నుంచి గుడికి వెళ్ళా. రామప్ప గుడి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించింది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చింది. అందరూ మదనికల (నాట్యభంగిమల్లో ఉన్న స్త్రీ శిల్పాల) దగ్గర ఆగుతారు, నేను లోపల నల్లరాతి స్తంభాల దగ్గర ఆగిపోయా. ఎనిమిది వందల ఏళ్ళ కిందట రాయిని ఎలా సానపట్టారో కానీ బయట నుంచి వచ్చే వెలుగు, మనుషుల కదలిక అందులో తేలుతూ కనబడతాయి. మయసభలో దుర్యోధనుడు నేలని చూసి నీళ్ళనుకున్నాడంటే ఇలాంటి రాయి చూసే అనుకుని ఉంటాడు అనిపించింది. ఇక్కడ సీపీఎల్ రెండు చివరలూ పనికొచ్చాయి. ఒక వైపు తిప్పితే మెరుపు తగ్గి స్తంభం మీద చెక్కడం, ఆ సన్నటి గీతలు విడివిడిగా తేలాయి, ఇంకో వైపు తిప్పితే గుమ్మంలోని వెలుగు ఆ రాతిలో నిలువుగా సాగి నిలబడింది. ట్రైపాడ్ లేదు, చేత్తోనే, తక్కువ వెలుగులో తీయడానికి కెమెరా సున్నితత్వం పెంచి ఐఎస్ఓ 1600 పెట్టా. ఒక్కటి గుర్తుంచుకోండి, రాయి, గాజు, నీళ్ళు, రంగు వేసిన కారు వీటి మీద ఇది పనిచేస్తుంది కానీ ఉత్త లోహం మీద పనిచేయదు, స్టీలు బిందె మీదో ఇత్తడి ధ్వజస్తంభం మీదో ఎంత తిప్పినా ఆ మెరుపు పోదు.

రైలు కిటికీ సంగతి కూడా చెప్తా, చాలామంది దీనికోసమే కొంటారు. రాజమండ్రి దగ్గర గోదావరి దాటేటప్పుడు ఏసీ బోగీ కిటికీలోంచి తీయబోతే మన మొహం, బోగీలో ట్యూబులైటు, ఎదురు సీటాయన చొక్కా అన్నీ గోదావరి మీద తేలుతుంటాయి. గాజుకి ఏటవాలుగా నిలబడి తిప్పితే ఇవి చాలావరకు పోయాయి, ఎదురుగా నిలబడితే ఏమాత్రం పోలేదు. పైగా కొన్ని కిటికీల్లో ఆకాశం మీద ఇంద్రధనుస్సు మచ్చల్లా రంగులు వచ్చాయి, అది ఫిల్టర్ పాడైనందుకు కాదు, గట్టిపరచిన గాజు లోపలి ఒత్తిడి సీపీఎల్‌లో అలా కనబడుతుంది. ఇక్కడ ఫిల్టర్ కన్నా నల్ల తువ్వాలు కప్పుకుని లెన్స్‌ని గాజుకి ఆనించడమే మేలు, నేను ఇప్పుడు అదే చేస్తున్నా.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. వైడ్‌లో, అంటే లెన్స్ 18 ఎంఎం దగ్గర పెట్టి తీస్తే ఆకాశం ఒకచోట ముదురు నీలం, ఒకచోట లేతగా పట్టీలాగా వస్తుంది, ఎందుకంటే సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్న ఆకాశమే బాగా నల్లబడుతుంది, ఆ తేడా కింద నీడలో కూడా వచ్చి ఫోటో మొత్తం పాడవుతుంది, కాబట్టి 28 ఎంఎం దాటాకే వాడండి. పల్చటి ఫ్రేమ్‌కి ముందు మరలు లేవు, లెన్స్ క్యాప్ పట్టదు, నా క్యాప్ లక్నవరంలో జారి నీళ్ళలో పడిపోయింది. దుమ్ములో తిరిగాక ఒకసారి లెన్స్‌కి బిగుసుకుపోయి రాలేదు, అంచు చుట్టూ లావాటి రబ్బరు బ్యాండు వేసి తిప్పితే వచ్చింది, గట్టిగా నొక్కిపట్టి తిప్పితే ఫ్రేమ్ వంకరై ఇంకా బిగుస్తుంది. తిప్పేటప్పుడు ఎప్పుడూ బిగించే వైపుకే తిప్పడం అలవాటు చేసుకోండి, ఊడి చెరువులో పడదు. రంగులు కొంచెం పసుపు వైపు వెళ్తాయి, రా (RAW) ఫైల్‌గా తీస్తే తర్వాత కంప్యూటర్‌లో సరిచేయొచ్చు.

ఫోకస్ గురించి అడుగుతారు కాబట్టి, నీడ నీళ్ళ మీద ఉండదు. కొండ ఎంత దూరమో నీడ కూడా దాదాపు అంత దూరంలో ఉన్నట్టే లెక్క, నీళ్ళ మీద తేలే ఆకుకి ఫోకస్ చేస్తే నీడ మసకబారుతుంది. రెండూ కావాలంటే లెన్స్ రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 11 పెట్టండి. ఎడిటింగ్‌లో నీడని పైనున్న దానికన్నా వెలుగుగా చేయకండి, నిజంగా అలా ఉండేది అరుదు, చూసేవాళ్ళకి ఎందుకో తెలియకపోయినా కంటికి తేడా కొడుతుంది.

కొనేటప్పుడు అక్కడే పరీక్ష చేయండి. అంతకుముందు నేను ఆన్‌లైన్‌లో చవగ్గా తెప్పించింది ఉత్త నల్ల గాజు, రంగు మాత్రమే ముదిరింది, తళతళ అలాగే ఉంది, డబ్బులు పోయాయి. ఫిల్టర్ మరలున్న వైపు కంటి దగ్గర పెట్టుకుని కొట్టులోని ఎల్సీడీ స్క్రీన్ వైపు చూస్తూ తిప్పితే ఒకచోట స్క్రీన్ నల్లబడాలి. నల్లబడకపోతే తీసుకోవద్దు.

నా రేటింగ్ 5కి 4. పొద్దున్నే లేచి చెరువుల వెంట, గుళ్ళ వెంట తిరిగేవాళ్ళు తప్పకుండా కొనండి. రాత్రి హుస్సేన్‌సాగర్ లైట్లు, దుర్గం చెరువు కేబుల్ వంతెన రంగులు మాత్రమే తీసేవాళ్ళకైతే అక్కర్లేదు, ఆ డబ్బు ట్రైపాడ్ మీద పెట్టండి. ఫోన్‌తో తీసేవాళ్ళు కూడా ఇదే ఫిల్టర్‌ని కెమెరా కన్ను ముందు చేత్తో పట్టుకుని తిప్పొచ్చు, నేను మొన్న చార్మినార్ దగ్గర వాన వెలిశాక అలాగే చేశా, గుంట అరచేయి అంతే ఉంది, ఫోన్ తలకిందులు చేసి కెమెరా నీళ్ళకి ఆనేలా పెడితే నాలుగు మినార్లూ అందులో పట్టాయి, కొంచెం పైకి లేచి ఫిల్టర్‌ని నీడ పెంచే వైపుకి తిప్పేసరికి బురద రంగు వెనక్కిపోయి మినార్ల అంచులు తేలాయి, రెండు ఫోటోలు తీశానో లేదో గుంటలోంచి బండి వెళ్ళిపోయింది.