కార్లోవీ వారిలో అమ్మ, అమ్మ బీపీ మాత్రలు

ఊరి పేరు కార్లోవీ వారి అని చెప్పగానే అమ్మ "ఎవరి వారురా వీళ్ళు?" అంది. శుభలేఖలో ఇంటిపేరులా ఉంటుంది గానీ, అది చెక్ రిపబ్లిక్‌లో వేడినీటి ఊటల ఊరు. ప్రాగ్ నుంచి దాదాపు 130 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటలకు పైనే. అమ్మకి ఎప్పటినుంచో గ్యాస్ ట్రబుల్. అక్కడి నీళ్ళకి జీర్ణ సమస్యలు తగ్గిస్తాయని పేరు కదా, మూడు రోజులు ఉందామని వెళ్ళాం.

ఊటల్లో పెద్దది వ్రిజిద్లో. 72 డిగ్రీల నీళ్ళు 12 మీటర్ల దాకా ఎగజిమ్ముతాయి. తాగడానికి పల్చటి పింగాణీ కప్పు కొనుక్కోవాలి. దాని పిడే గొట్టం, అందులోంచి పీల్చాలి. మిల్ కొలొనేడ్ అనే 124 స్తంభాల మండపం కింద అందరూ ఆ కప్పులతో మెల్లగా నడుస్తూ గుక్క గుక్కగా తాగుతుంటారు. అమ్మ ఒక్క గుక్క పీల్చి, "గొంతు నొప్పికి పుక్కిలించే ఉప్పునీళ్ళే" అని తేల్చేసింది.

అసలైతే ముందు డాక్టర్ చూసి ఏ ఊట నీళ్ళు, ఎంత, ఎప్పుడు తాగాలో రాసివ్వాలి. మా హోటల్ బుకింగ్‌లో "డాక్టర్ కన్సల్టేషన్‌తో కలిపి" అని ఉంది. తీరా వెళ్ళాక, అది మూడు వారాల ప్యాకేజీకేనన్నారు. గది మాత్రం శుభ్రంగా ఉంది, నది పక్కనే. పైన కొండమీద గదులు చవగ్గా దొరికాయి గానీ, ఆ ఎత్తు మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎక్కలేరు.

శనివారం మధ్యాహ్నం చూస్తే అమ్మ బీపీ మాత్రల సంచీ లేదు, ప్రాగ్ గదిలో మర్చిపోయాం. టెన్షన్ మొదలైంది. దగ్గర్లోని మందుల షాపు అప్పటికే మూసేశారు. షాపింగ్ సెంటర్‌లో ఇంకోటి తెరిచి ఉంది. హ్యాండ్‌బ్యాగ్‌లో మిగిలిన ఖాళీ స్ట్రిప్పు చూపించాం. బ్రాండు పేరు షాపులో ఆవిడకి అర్థం కాలేదు, కింద మందు అసలు పేరు 'ఆమ్లోడిపిన్' అని చదివి తలూపింది. కానీ చీటీ లేనిదే ఇవ్వనంది. దిల్‌సుఖ్‌నగర్‌లో అయితే స్ట్రిప్పు చూపిస్తే చాలు, చిల్లర లేదని రెండు చాక్లెట్లు కూడా చేతిలో పెడతారు!

చివరికి రిసెప్షన్ అమ్మాయి పక్క స్పా డాక్టర్‌కి ఫోన్ చేసింది. ఆయన రెండు చేతులకీ బీపీ చూసి, తీరిగ్గా మాట్లాడి, చీటీ రాశారు. ఫీజు మేమే కట్టాం. వీసా కోసం తీసుకున్న 30,000 యూరోల ఇన్సూరెన్స్ పాత జబ్బులకి వర్తించదట. మీరు వెళ్తే మందు అసలు పేరుతో ఇంగ్లీషులో డాక్టర్ చీటీ, రెండు బ్యాగుల్లో మాత్రలు పెట్టుకోండి.

గ్యాస్ తగ్గిందా అంటే, మూడు రోజులకి ఏం తెలుస్తుంది? పక్కింటి పిన్ని అడిగితే అమ్మ మాత్రం, "నీళ్ళు తాగించడానికి ఫ్లైట్ ఎక్కించాడమ్మా మావాడు" అంది.