నెల్లూరులో నెల రోజులుండాలంటే లాజ్‌లొద్దు, మూలాపేట చూడండి

నెల్లూరులో కొన్నాళ్ళుండాలి, ఎక్కడ దిగితే బాగుంటుంది అని ఎవర్నన్నా అడిగి చూడండి. మాగుంట లేఅవుట్ అంటారు, లేదంటే మినీ బైపాస్ అంటారు, కాస్త డబ్బున్నోళ్ళైతే హైవే పక్క హోటళ్ళ పేర్లు చెప్తారు. మూలాపేట అని ఒక్కరు చెప్తే ఒట్టు. మేం మూలాపేటలో పోర్షన్ తీసుకున్నామని ఫోన్లో చెప్తే బెంగళూరులో ఉండే మా బావమరిది "అక్కడేముంది బావా, సందులూ దోమలూ తప్ప" అన్నాడు. సందులున్నాయి, దోమలూ ఉన్నాయి, అబద్ధమెందుకు. కానీ వాళ్ళ నాన్న మళ్ళీ నడిచింది ఆ సందుల్లోనే, అందుకే ఇదంతా రాస్తున్నా.

మా మామగారిది పామూరు. పామూరు, కనిగిరి, ఉదయగిరి వైపు వాళ్ళకి పెద్దాస్పత్రి అంటే నెల్లూరే, అందులోనూ పొగతోట. ఆ వీధుల్లో ఆస్పత్రి, మందుల షాపు, స్కానింగ్ సెంటర్, మళ్ళీ ఆస్పత్రి, ఇంతే. 2025 జూన్ ఆఖర్లో ఆయనకి కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ అయింది, ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది, దాని గురించి రాయడానికేం లేదు. డిశ్చార్జ్ చేస్తూ డాక్టర్ గారు ఫిజియోథెరపీ రోజూ చేయించాలి, నెల పైనే దగ్గర్లో ఉండండి, పామూరు నుంచి కార్లో తిప్పితే మోకాలు వాచిపోద్ది అన్నారు. సరే అని ఫోన్లో లాజ్ బుక్ చేశా. అసలు కథ అక్కడ మొదలైంది.

పేరు రాయను గానీ పొగతోటకి దగ్గర్లోనే. యాప్‌లో ఏసీ రూం రోజుకి 1,600, లిఫ్ట్ ఉంది, వేడినీళ్ళు 24 గంటలు అని రాసుంది. కౌంటర్ దగ్గరికెళ్ళేసరికి 2,200 అన్నాడు. ఎందుకయ్యా అంటే "రొట్టెల పండగ సీజన్ సార్". రొట్టెల పండగంటే బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకునే పండగ, మొహర్రానికి జరుగుద్ది, ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, ఆ నాలుగైదు రోజులూ ఊళ్ళో రూం దొరకదు, అది నిజమే, ఒప్పుకుంటా. కానీ మొహర్రం జూలై 6న. మేం దిగింది జూన్‌లో. పండగ రాకముందే పండగ రేటేంటంటే, "బుకింగ్స్ ఉండాయి సార్, ఇష్టమైతే తీసుకోండి" అని ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. పక్కన మామగారు వాకర్ పట్టుకుని నిలబడున్నారు, ఇక బేరం ఏమాడతాం.

రూం మూడో అంతస్తు. లిఫ్ట్ పనిచెయ్యట్లేదు. "రేపు మెకానిక్ వస్తాడు" అన్నారు, మేం ఖాళీ చేసేదాకా ఆ రేపు రాలేదు. ఇద్దరు కుర్రోళ్ళు ప్లాస్టిక్ కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి మోసుకెళ్ళారు, పైకెక్కాక చెరో 100 అడిగారు, పాపం వాళ్ళననేది ఏం లేదు, మోసింది వాళ్ళే కదా. ఫిజియోకి దింపాలంటే మళ్ళీ కుర్చీ, మళ్ళీ 200. పరువు మనిషి, పదిమంది చూస్తుండగా కుర్చీలో మోయించుకోవడం ఆయనకి ఎంత నామోషీ అయిందో ఏమో, ఆ సాయంత్రం అన్నం కూడా తినలేదు. 24 గంటల వేడినీళ్ళు అంటే పొద్దున ఏడు దాకానట, ఆ తర్వాత బకెట్ 40. కింద వాళ్ళ రెస్టారెంట్లో దోసె 120.

బిల్లు చూడండి ఇంక. రూం 2,200, మా అత్తగారికి వేసిన పరుపు 400, దాని మీద జీఎస్టీ 18 శాతం, మొత్తం రోజుకి 3,068. నాకక్కడ మండింది. ఆ రేటు రూములకి అప్పుడు జీఎస్టీ 12 శాతమే, ఆ లెక్కన 2,912 అవ్వాలి. జీఎస్టీ నంబర్ ఉన్న బిల్లివ్వు అంటే "సిస్టంలో అట్టే వస్తాది సార్" అంటాడు. ఇచ్చిన కాగితం మీద నంబరూ లేదు గింబరూ లేదు, తెల్లకాగితం మీద పెన్నుతో రాసిచ్చాడు. రోజుకి 156 రూపాయలు పెద్ద లెక్క కాదు, కానీ గవర్నమెంట్ పేరు చెప్పి జేబులో వేసుకోవడమేంది? ఇప్పుడైతే రోజుకి 7,500 లోపు రూములకి 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే చేశారు, మీరు దిగినప్పుడు ఎవడన్నా 12 అనో 18 అనో వేస్తే నంబరున్న బిల్లు అడగండి, చాలాసార్లు అడిగితేనే తగ్గుతారు. నాకు తగ్గించలేదనుకోండి.

మా బావమరిది బెంగళూరు నుంచే మాగుంట లేఅవుట్‌లో ఒక ఫ్లాట్ మాట్లాడాడు. ఫర్నిచర్‌తో నెలకి 24,000, రెండు నెలల అడ్వాన్స్. మా ఆవిడ సగం సర్దేసింది కూడా. అప్పుడు మమ్మల్ని ఫిజియోకి తిప్పే ఆటో అతను ఒక మాటన్నాడు. "మాగుంట లేఅవుట్ పట్టాలకి అవతల సామీ, పొగతోట ఇవతల. వాన పడిందా అండర్ బ్రిడ్జిలో నీళ్ళు నిలబడతాయి, పెద్దాయన్ని ఏడ దించేది?" నిజమే, నెల్లూరుని రైలు పట్టాలు రెండుగా కోసేశాయి, గట్టి వానొస్తే ఆ అండర్ బ్రిడ్జిల కింద బండ్లు ఆగిపోవడం ఊరందరికీ తెలిసిన సంగతే. మూలాపేట నుంచి అయితే పట్టాలు దాటే పనే లేదు, పొగతోటకి ఆటోలో పది నిమిషాలు, 60 రూపాయలు. అతనే మూలాపేట కోనేరు దగ్గర ఒక టీ కొట్లో అడిగి పోర్షన్ చూపించాడు. కమిషనేం అడగలా, నేనే 500 ఇచ్చా.

కింద పోర్షన్, వసారా, ఒక గది, వంటిల్లు, వెనక బాత్రూం, పాతకాలం ఇల్లు కాబట్టి గోడలు మందం, ఫ్యాన్‌తో సరిపోయింది. ఇంటావిడ 8,500 చెప్పింది. మా అత్తగారు లోపలికి అడుగుపెట్టకుండానే "ఆషాఢంలో ఇల్లు మారతారా ఎవరన్నా" అని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఇంటావిడ నవ్వి, "ఆస్పత్రి పని మీద వచ్చినోళ్ళకి ఆషాఢమేంది వదినా, ఇది మారడం కాదు, దిగడం" అంది. ఆ వదినా అనే పిలుపుతో మా అత్తగారు లోపలికి వెళ్ళిపోయింది. అసలు ఆషాఢం మాకు కలిసొచ్చింది, ఆ నెల ఎవరూ ఇళ్ళు మారరు కాబట్టి ఖాళీగా ఉంచేకంటే అని 7,500కి దిగింది, అడ్వాన్స్ ఒక నెలే. రెండున్నర రోజుల లాజ్ డబ్బులకి నెల అద్దె అన్నమాట. ఒక్క షరతు పెట్టింది, ఇంట్లో నీచు వండకూడదు. గుడి చుట్టుపక్కల కొన్ని ఇళ్ళల్లో ఈ షరతుంటుంది, ముందే అడిగి తెలుసుకోండి.

మొదటి రోజు మా ఆవిడ నాతో మాట్లాడలేదు. సందులోకి కారు రాదు, కాలవ ఓపెన్, సాయంత్రం ఆరైతే దోమలు దండయాత్ర. చిన్నబజార్‌లో 450 పెట్టి దోమతెర కొన్నా, రెండోది 450 పెట్టి మా అత్తగారికి. మా ఆవిడ ఒకట్రెండు రోజులు గొణిగి తర్వాత తనే చిన్నబజార్, పెద్దబజార్ నడిచెళ్ళి జాకెట్ గుడ్డలు, గాజులు తెచ్చుకోవడం మొదలెట్టింది. ఇక గొణుగుడు లేదు, నా జేబుకే చిల్లు.

ఇప్పుడు అసలు విషయం. ఫిజియో ఆయన రోజుకి రెండుసార్లు నడిపించండి, అలసిపోతే కూర్చోబెట్టండి అన్నాడు. లాజ్‌లో వరండాలో నడిపిస్తే ఎవడో తలుపు తీసి విసుక్కునేవాడు. మూలాపేటలో పాత ఇళ్ళకి అరుగులున్నాయి. మా గుమ్మం నుంచి మూలస్థానేశ్వరస్వామి గుడి వైపు పోయే సందులో నాలుగిళ్ళకొక అరుగు. మామగారు వాకర్‌తో బయల్దేరితే మొదటి అరుగు మీద ఒక రిటైర్డ్ టీచర్ గారు పేపర్ చదువుతూ "రా పెద్దాయనా, తొందరేముండాది" అని జరిగి చోటిచ్చేవాడు. అక్కడ ఐదు నిమిషాలు రాజకీయాలు. లేచి రెండో అరుగు దాకా, అక్కడ పూలు కట్టే ఆవిడ. "ఎవరు చేశారు ఆపరేషను? ఎంతయింది?" అని అడిగి, తన మోకాలు చూపించి, ఆయన చేత కూడా పంచె పైకి ఎత్తించి కుట్లు చూసింది. మూడో అరుగు ఖాళీ, కానీ ఎదురింట్లోంచి తాగడానికి నీళ్ళొచ్చేవి. మొదట్లో ఒక అరుగు, తర్వాత రెండు, అలా అరుగు అరుగు పెంచుకుంటూ పోయాడు. ఆస్పత్రిలో రెండు ఇనప కడ్డీల మధ్య పదడుగులు వెయ్యమంటే మూతి ముడిచే మనిషి, ఇక్కడ సాయంత్రం నాలుగైతే తనే వాకర్ అందుకునేవాడు, ఎందుకంటే టీచర్ గారితో పొద్దుటి వాదన మిగిలిపోయుండేది. మాగుంట లేఅవుట్‌లో రోడ్లు వెడల్పే, కాదన్ను, కానీ అన్నీ కాంపౌండ్ గోడలూ గేట్లే, ముసలాయన ఎక్కడ కూర్చోవాలి చెప్పండి?

తిండి విషయానికొస్తే నెల్లూరులో దానికి లోటేం లేదు. సందు మొదట్లో సాయంత్రం ఒకావిడ పులిబొంగరాలు వేసేది. గుంతల పెనం మీద నూనె చుక్క, పిండి, మూత, పుల్లతో తిప్పడం, ఆకులో నాలుగు వేసి పక్కన ఎర్రకారం, 20 రూపాయలు. ఆ ఎర్రకారంలో వెల్లుల్లి తగలాలి, తగిలితే ముక్కులోంచి నీళ్ళు కారాలి. నెయ్యి కారం దోసె 50, లాజ్‌లో 120 పెట్టిన దోసె దీని కాలిగోటికి సరిపోదు. నేను గమనించిందేంటంటే ఇక్కడ మొహం చూసి రేటు చెప్పరు. పక్కింటి పిల్లోడికి 20 అంటే నాకూ 20, ఎందుకంటే ఆ పిల్లోడు పక్కనే నిలబడి చూస్తున్నాడు కదా, నాకు 30 చెప్తే రేపు వీధంతా అడుగుతారు. నీళ్ళ క్యాన్ ఇంటికి తెచ్చి వేస్తే 20.

చేపల పులుసు ఒక్కటే మామగారికి బెంగ. నెల్లూరులో ఉండి చేపల పులుసు తినకపోవడమేందిరా అని రోజూ నస. ఇంట్లో వండకూడదు కదా, సంతపేట దగ్గర ఒక మెస్‌కి తీసుకెళ్ళా. మామిడికాయ ముక్కలేసి ముందురోజు రాత్రి కాచిన పులుసు, భోజనం 130, కొరమీను ముక్క 180 అదనం. ఆయన మాట్లాడకుండా తిని, చేయి కడుక్కోకుండా కాసేపు అలాగే కూర్చున్నాడు. అత్తగారు మాత్రం "మడి ఇంట్లోకి ఆ చేత్తో వస్తావా" అని ఇంటావిడ కంటే ఎక్కువ గోల చేసింది.

మైపాడు బీచ్‌కి ఒకసారి వెళ్ళొచ్చాం, రానూపోనూ ఆటో 900, బాగుంది. జొన్నవాడ కామాక్షమ్మ దర్శనమూ అయింది. నాకు బాగా నచ్చింది మాత్రం రంగనాయకులపేట వైపు సాయంత్రం నడక. రంగనాథస్వామి గుడి వెనకే పెన్న. ఒకప్పుడు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే కనిపించేది, 2022లో కొత్త బ్యారేజీ తెరిచాక నీళ్ళు నిలబడుతున్నాయి, గాలి కూడా చల్లగా వస్తుంది. తిక్కన ఈ ఒడ్డునే కూర్చుని భారతం పదిహేను పర్వాలు రాశాడని అక్కడ గట్టు మీద కూర్చున్న ప్రతివాడూ చెప్తాడు. తిక్కన్ని దోమలు కుట్టలేదా అని మా ఆవిడ అడిగింది.

ఆ వైపు పోర్షన్ చూసేవాళ్ళు ఒకటి అడగండి, 2021 నవంబర్ వరదకి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి అని. అప్పుడు పెన్న పొంగి ఒడ్డు పక్క పల్లపు కాలనీల్లోకి వచ్చేసింది, ఆ గోల ఊరు ఇంకా మర్చిపోలేదు. ఇంకా మూలాపేట ఎవరికి పనికిరాదంటే, సొంత కారు తెచ్చుకునేవాళ్ళకి పార్కింగ్ లేదు. ఏసీ లేకపోతే నిద్రపట్టనివాళ్ళు మే నెలలో ఇటు రావొద్దు. ఇంట్లోంచి పనిచేసేవాళ్ళు నెట్ సంగతి ముందే చూసుకోండి, నాకు ఫోన్ నెట్‌తోనే నడిచింది, మీటింగుల మధ్యలో గుడి మైకు వినిపిస్తే మా మేనేజర్ "ఈరోజు ఏం పండగ" అని అడిగేవాడు. ఎవరికీ కనపడకుండా ఉండాలనుకునేవాళ్ళకి అసలే కుదరదు, మీకు కొరియర్ వస్తే మీకంటే ముందు వీధికి తెలుసుద్ది.

ఆగస్టు మధ్యలో ఖాళీ చేశాం. రెండో నెల సగమే ఉన్నామని ఇంటావిడ 3,750 మాత్రమే తీసుకుంది, అడ్వాన్స్ 7,500లో కరెంటు బిల్లు 640 పట్టుకుని 6,860 చేతిలో పెట్టింది, మీటర్ రీడింగ్ గోడ మీద బొగ్గుతో రాసిపెట్టుకుంది, వచ్చిన రోజుదీ వెళ్ళే రోజుదీ, తీసేసి చూసుకోమంది. పోర్షన్లు కావాలంటే యాపుల్లో వెతక్కండి, అక్కడ దొరకవు. పొద్దున్నే కోనేరు దగ్గరికెళ్ళి, టీ తాగి, ఆస్పత్రి పని మీద వచ్చాం అని చెప్పండి. నీచు తింటారా, ఎంతమంది, ఎన్నాళ్ళు, ఈ మూడూ అడుగుతారు, ఉన్నదున్నట్టు చెప్తే మధ్యాహ్నానికల్లా తాళంచెవి చేతికొస్తుంది.