బియెన్ తప్ప ఇంకోటి రానివాళ్ళకి ఈ స్పానిష్ కోర్సు

మేం మాడ్రిడ్ వచ్చి రెండేళ్ళయింది, కూరగాయలు కొనడం, మెట్రోలో దారి అడగడం వరకు వచ్చేసింది గానీ ఎవరైనా కే తాల్ (ఎలా ఉన్నావ్) అంటే బియెన్ (బాగున్నా) తప్ప ఇంకో మాట నోట్లోంచి రాదు, లోపల ఏడుపొస్తున్నా బియెన్నే. అందుకే మా వీధి చివర చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో ఫీలింగ్స్, మూడ్స్ గురించి మాట్లాడ్డం మీద 4 వారాల కోర్సంటే చేరిపోయా.

టీచర్ మాత్రం బంగారం. మొదటి రోజే నేను బోర్ కొడుతోంది అనబోయి సోయ్ అబుర్రీదా అనేశా, అంటే నేనే బోర్ మనిషినని, ఎస్తోయ్ అనాలంట, అందరూ నవ్వారు, ఆ తేడా ఇక జన్మలో మర్చిపోను. సిగ్గుపడ్డా అనడానికి ఎంబరాసాదా అన్న అమ్మాయి పరిస్థితి ఇంకా ఘోరం, దానర్థం కడుపుతో ఉన్నానని! ఎండాకాలంలో ఉక్కపోస్తే తెంగో కాలోర్ అనండి, ఎస్తోయ్ కాలియెంతే అని మాత్రం అనొద్దు, ఎందుకో ఇక్కడ రాయలేను.

నా కంప్లయింట్ ఒక్కటే, అన్నీ ఇంగ్లిష్ మీంచి చెప్తారు. మె గుస్తా దగ్గర మిగతావాళ్ళు అరగంట కొట్టుకున్నారు, నేనేమో ఇందులో ఏముంది, నాకు నచ్చింది అనడమేగా అని కూర్చున్నా. మె ద మియెదో అంటే నాకు భయమేస్తోంది, మె దుయెలె లా కబేసా అంటే నాకు తల నొప్పెడుతోంది, అచ్చం మనలాగే, భయమూ నొప్పీ మనం చేసే పనులు కావు, మనకి వచ్చి పడేవి. మనవాళ్ళెవరైనా నేర్చుకుంటుంటే ఇంగ్లిష్ పక్కన పెట్టి తెలుగులో ఆలోచించండి, సగం గ్రామర్ దానంతటదే వచ్చేస్తుంది. ఆకలి, నిద్ర, చలి దగ్గర మాత్రం ఈ చిట్కా పనిచెయ్యదు, అక్కడ నా దగ్గర ఆకలి ఉంది అన్నట్టు తెంగో ఆంబ్రే, తెంగో సుయెన్యో, తెంగో ఫ్రియో అనే అనాలి.

ఇంకోటి, అంతా స్పెయిన్ వాడుకే. మె ద పేనా అంటే ఇక్కడ బాధేస్తోందని, మా ఆఫీసులో మెక్సికో అమ్మాయికేమో సిగ్గేస్తోందని. మిస్ అవుతున్నా అనడానికి ఇక్కడ తె ఎచో దె మేనోస్, ఆ అమ్మాయి తె ఎస్త్రాన్యో అంటుంది, క్లాసులో ఆ ఊసే లేదు. కోపం పాఠం కూడా మరీ మర్యాదగా లాగించేశారు, మాలా లేచె (చిర్రుబుర్రులాడే గుణం) లాంటి మాటలు నేను బస్సులోనే నేర్చుకున్నా.

ఫీజు 140 యూరోలు, పర్లేదు, కానీ జిరాక్సులకి చివర్లో ఇంకో 15 అడిగారు, అది ముందే చెప్పాల్సింది. బొత్తిగా కొత్తవాళ్ళు చేరొద్దు, ఏమీ అర్థం కాదు. 5కి 4 ఇస్తున్నా.

అన్నట్టు మొన్న మెట్ల మీద పక్కింటి పెద్దావిడ కే తాల్ అంటే ధైర్యం చేసి ఎస్తోయ్ ఎచా పోల్వో అన్నా, అంటే ఒళ్ళు హూనమైపోయిందని, అంతే, బ్యాగులు కింద పెట్టి ఆవిడ మోకాళ్ళ నొప్పుల గురించి 20 నిమిషాలు చెప్పింది, ఇప్పుడు ఎక్కడ కనపడినా వదలట్లేదు.