సాకర్ ఏఎం: గోల్స్ కంటే పక్కచూపులే బాగున్న షో

ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలియకపోయినా, శనివారం పొద్దున వచ్చే ఫుట్‌బాల్ కబుర్ల టీవీ షో సాకర్ ఏఎం చూసి నవ్వుకోవచ్చు. ఉద్యోగం కోసం ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో నా పరిస్థితి అదే. మా ఫ్లాట్‌లో స్కై స్పోర్ట్స్ ఉండేది. శనివారం పొద్దున్నే ఉప్మా ప్లేట్లు పట్టుకుని అందరం టీవీ ముందు చేరేవాళ్లం. 1994లో మొదలైన ఈ షో 2023 మే 27న ఆగిపోయింది. చివరి రోజుల్లో విసుక్కుంటూనే అయినా, అప్పటిదాకా వదలకుండా చూశాను.

ఇక్కడ శనివారం మధ్యాహ్నం పావు తక్కువ మూడు నుంచి ఐదుంపావు దాకా ఏ మ్యాచ్‌నీ టీవీలో లైవ్ ఇవ్వరు. జనం స్టేడియానికి వెళ్లాలని 1960ల్లో పెట్టిన నియమం. అందుకే పొద్దున షో ఆ వెళ్లేవాళ్ల కోసమే అన్నట్టు ఉండేది. వారానికో క్లబ్బు అభిమానులను తెచ్చి స్టూడియోలో కూర్చోబెట్టేవారు, పెద్ద క్లబ్బా చిన్న క్లబ్బా అని చూడకుండా. వాళ్ల గోల వేరు.

నాకు అన్నిటికంటే ఇష్టం క్రాస్‌బార్ ఛాలెంజ్. ఒక క్లబ్బు ఆటగాళ్లంతా ప్రాక్టీస్ డ్రెస్సుల్లోనే సెంటర్ లైన్ దగ్గర నిలబడతారు. మనిషికి ఒక్క బంతి. గోల్ కొడితే లెక్కలేదు, పై బార్‌కి తగలాలి. స్టార్ ఆటగాడు కొట్టింది ఎటో గాల్లోకి పోతుంది. వెనక నుంచి వచ్చిన ఎవరో కుర్రాడిది టంగుమని తగులుతుంది. ఇక వాడు పరుగో పరుగు, మిగతావాళ్లు వాడి వెంట. మ్యాచ్‌లో ఇంత సంబరం ఎప్పుడూ చూడలేదు! థర్డ్ ఐ కూడా అలాంటిదే. ఆ వారం మ్యాచ్‌ల్లో కెమెరాకు ఓ మూల దొరికిపోయిన తమాషాలన్నీ ఏరి చూపించేవారు.

నచ్చనిది సాకరెట్. క్లబ్బు జెర్సీ వేసిన అమ్మాయిని నడిపించి కుర్రాళ్ల చేత ఈలలు వేయించడం. ఇంట్లోవాళ్లు పక్కనుంటే రిమోట్ వెతుక్కోవాల్సి వచ్చేది. 2015లో తీసేశారు, చాలా ఆలస్యంగా. హెలెన్ చాంబర్లెయిన్ లాంటి యాంకర్ ఉన్న షోకి అది అవసరమే లేదు. 1995 నుంచి 2017 దాకా ఉందావిడ. టార్కీ యునైటెడ్ అనే చిన్న క్లబ్బుకి వీరాభిమాని, మాట పడే రకం కాదు. తోటి యాంకర్ టిమ్ లవ్‌జాయ్‌తో ఆవిడ జోడీ ఉన్నంతకాలం స్క్రిప్టు ఉందో లేదో కూడా తెలిసేది కాదు.

ఆవిడ వెళ్లాక మాజీ ఆటగాడు జిమ్మీ బుల్లార్డ్ వచ్చాడు. 2009లో మాంచెస్టర్ సిటీ మీద గోల్ కొట్టి, తోటి ఆటగాళ్లను గ్రౌండ్‌లోనే కూర్చోబెట్టి, వేలు ఊపుతూ తమ కోచ్‌ని అనుకరించిన మనిషి. నవ్వించగలడు, సందేహం లేదు. కానీ అప్పటికే షో మొత్తం ఫోన్‌లో చూసే రెండు నిమిషాల క్లిప్పుల కోసమే తీస్తున్నట్టు అనిపించేది. ఆ క్లిప్పులు నెట్‌లో ఎలాగూ దొరుకుతుంటే పొద్దున్నే లేవడం ఎందుకని మా ఫ్లాట్‌మేట్స్ ఒక్కొక్కరే మానేశారు.

ఇప్పుడు చూడాలనుకుంటే పాత క్రాస్‌బార్ వీడియోలతో మొదలుపెట్టండి. సెలబ్రిటీ ఇంటర్వ్యూల జోలికి వెళ్లకపోయినా నష్టం లేదు.