‘ఎముకల బలానికి’ అని కొనే డబ్బాలో విటమిన్ కె: వార్ఫరిన్ వాడేవాళ్లు జాగ్రత్త

ఇంట్లో ఎవరైనా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ గానీ అసెనోకౌమరాల్ గానీ వేసుకుంటుంటే, కాల్షియం, డి3 మాత్రల డబ్బా కొనేముందు ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి. ముందువైపు పెద్దక్షరాల్లో ‘ఎముకల బలానికి’ అనే ఉంటుంది. వెనకాల డి3 కింద చిన్నక్షరాల్లో ‘ఎంకే-7’ అనో ‘మెనాక్వినోన్-7’ అనో కనిపిస్తుంది. అదే విటమిన్ కె2. ‘ఫైటోనాడియోన్’ అని ఉంటే కె1. ‘విటమిన్ కె’ అన్న మాట కోసమే వెతికితే ఒక్కోసారి దొరకదు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

రక్తం గడ్డకట్టడానికి కావలసిన 2, 7, 9, 10 ఫ్యాక్టర్లు అనే ప్రొటీన్లు లివర్‌లో పనికొచ్చేలా తయారవ్వాలంటే విటమిన్ కె ఉండాలి. ఒకసారి వాడిన కెని మళ్లీ వాడకానికి రానివ్వకుండా ఆపడమే వార్ఫరిన్ చేసే పని. బయటినుంచి కొత్తగా కె వచ్చి పడితే మందు జోరు తగ్గి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే రక్తపరీక్ష అంకె) దిగిపోతుంది. 2–3 మధ్య ఉండాల్సింది 1.5కి వచ్చిందంటే గడ్డ కట్టే ముప్పు పెరిగినట్టే.

“డబ్బాలో 50 మైక్రోగ్రాములే కదా, ఉడికించిన పాలకూర 100 గ్రాముల్లో 500 దాకా ఉంటుంది” అంటారు. లెక్క నిజమే, పోలికే తప్పు. ఆకులోని కె1 ఒంటికి పట్టేది కొంతే, అదీ గంటల్లో రక్తం నుంచి వెళ్లిపోతుంది. ఎంకే-7 సగానికి తగ్గడానికే సుమారు 3 రోజులు పడుతుంది. రోజూ వేసుకుంటే పోగుపడుతుంది.

అసలు చిక్కు ఆ తర్వాత. ఐఎన్ఆర్ తగ్గిందని, డబ్బా సంగతి తెలియని డాక్టర్ వార్ఫరిన్ డోసు పెంచుతారు. కొన్నాళ్లకి డబ్బా అయిపోతుంది, మళ్లీ కొనరు. ఒంట్లో కె మెల్లగా తరుగుతుంది, పెంచిన డోసు మాత్రం అలాగే ఉంటుంది. ఐఎన్ఆర్ పైకి పాకుతుంది: చిగుళ్ల నుంచి రక్తం, తగలకుండానే కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం. నల్లటి విరేచనం కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కాబట్టి ఇప్పటికే వాడుతున్నవాళ్లు సొంతంగా ఆపేయకండి. డబ్బా ఫోటో డాక్టర్‌కి చూపించి, ఆపే వారంలోనే ఐఎన్ఆర్ పరీక్ష పెట్టించుకోండి. ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ ఒకే మోతాదులో తింటే చాలు. అపిక్సబాన్, రివరాక్సబాన్ కూడా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేవే అయినా పనిచేసే తీరు వేరు, వాటికి ఈ గొడవ లేదు.

ఇలాంటి మందులేవీ లేనివాళ్లు కూడా డబ్బు దండగ కాకుండా చూసుకోండి. ఎంకే-7 ‘100 మైక్రోగ్రాములు’ అని ఉంటే అది ఒక మాత్రకా, రెండింటికా? కాల్షియం కార్బొనేట్, మెగ్నీషియం ఆక్సైడ్‌తో కలిపి ఒకే మాత్రగా చేస్తే, పూత లేని ఎంకే-7 నిల్వలోనే బలం కోల్పోతుంది. విడిగా, ‘ఆల్-ట్రాన్స్’ (ఒంట్లో పనిచేసే రూపం) అని రాసి, వెలుతురు సోకని సీసాలో ఉన్నదే నయం. కొవ్వులో కరిగే విటమిన్ కనక భోజనంతో వేసుకోవాలి. ‘రక్తనాళాల్లో కాల్షియం కరిగిస్తుంది’ అని రాసిన సీసాకి ఎక్కువ ధర పెట్టకండి, ఆ మాట మనుషుల మీద పరీక్షల్లో రుజువు కాలేదు.