పూలతోట గదికి 3,800, వంగమడికి 60

హార్స్‌లీ హిల్స్‌లో గది తీసుకునేవాళ్లు ఏసీ ఉందా, పార్కింగ్ ఉందా అని అడుగుతారు. నన్నడిగితే ముందు అడగాల్సింది, ‘తోటకి పురుగుమందు ఎప్పుడు కొట్టారు?’ అని.

మా అమ్మాయి ఏడో తరగతి. ఈ మధ్య దానికి ఒంటరి తేనెటీగల పిచ్చి పట్టింది. ఇవి తుట్టె కట్టవు, వీటికి రాణి ఉండదు. ఒక్కో ఆడ ఈగ తన గూడు తనే చేసుకుని, గుడ్డుకింత పుప్పొడి ముద్ద పెట్టి మూసేసి వెళ్లిపోతుంది. గండు తుమ్మెద కూడా ఈ కోవదేనంటే మా అమ్మ నమ్మలేదు. సరే, ఆ ఈగల్ని చూద్దామని ఉగాది ముందు శనివారం నలుగురం తిరుపతి నుంచి కారులో బయలుదేరాం. మదనపల్లె మీదుగా దాదాపు 150 కిలోమీటర్లు. రోడ్డు బాగుంది.

‘పూలతోట మధ్య గదులు’ అన్న ప్రకటన చూసి కొండ మీద ఒక లాడ్జి బుక్ చేశాను. రాత్రికి 3,800. కారు దిగగానే మందు వాసన గుప్పుమంది. పొద్దున్నే కొట్టారట. పూలు బోలెడున్నాయి, వాటి మీద ఒక్క ఈగ లేదు. గులాబీ ఆకుల అంచులు మాత్రం చంద్రవంకల్లా నున్నగా కత్తిరించి ఉన్నాయి. "ఆకు తినే పురుగు పడింది సార్, అందుకే కొట్టించాం" అన్నాడు మేనేజరు. అది తినే పురుగు కాదు. ఆకు ముక్కలు మోసుకెళ్లి గూట్లో పరుచుకునే తేనెటీగ. మేం వెతుక్కుంటూ వచ్చిందే దాన్ని!

పందిరి వాసానికి వేలు పట్టేంత గుండ్రటి రంధ్రం కనిపించేసరికి మా అమ్మాయి గంతేసింది. తుమ్మెద తొలిచిన గూడు. దగ్గరికెళ్తే లోపల సిమెంటు కుక్కి ఉంది. "కుడితే ఎవరిది రెస్పాన్సిబిలిటీ?" అన్నాడు. ముఖం ముందు గాల్లో నిలబడి బెదిరించేది మగ తుమ్మెద అనీ, దానికి కొండి ఉండదనీ పిల్ల చెప్పబోతే, "పాపకి టీవీ పెట్టండి సార్" అనేశాడు. అప్పటిదాకా ‘ఈగల కోసం ఇంత ఖర్చా’ అని సణిగిన మా ఆవిడ, ఆ మాటతో మా పార్టీలోకి వచ్చేసింది. వేడినీళ్లు బకెట్‌కి 50. చపాతీలు, గోబీ మంచూరియా కలిపి 640. డబ్బులో సగమైనా తిరిగివ్వమంటే రూల్ లేదన్నాడు.

ఆదివారం గాలిబండ చూశాం. కొంగు నిలవడం లేదని అమ్మ విసుక్కుంది.

కొండ దిగాక అమ్మకి రోడ్డు పక్కన వంగమడి కనిపించింది. మూడు కిలోలు 60 రూపాయలు. కాయలు కోయించుకుంటుంటే ‘ఝుం’ అని వినపడింది. ఊదారంగు పువ్వుకి ఒక ఒంటరి తేనెటీగ వేలాడుతోంది. ఒళ్లు నలుపు, పొట్ట మీద మెరిసే నీలం పట్టీలు. రెక్కలు కదలడం లేదు, ఒళ్లు మాత్రం వణుకుతోంది. ఆ వణుకుకి పువ్వులోంచి పుప్పొడి దాని పొట్ట మీద రాలింది. వంగకీ టమాటాకీ పుప్పొడి సన్నటి సందుల్లో దాగి ఉంటుంది, ఇలా గట్టిగా దులిపితేనే బాగా రాలుతుంది. మామూలు తేనెటీగకి ఈ విద్య రాదు. లారీల కొద్దీ టమాటా పంపే మదనపల్లె చుట్టుపక్కల ఈ ఈగ పేరు ఎవరికైనా తెలుసా అని అడిగాను. ఆ రైతమ్మ, "కుమ్మరి పురుగో ఏందో సామీ, మా పాతిల్లు గోడంతా బొక్కలే" అంది. నిజంగానే ఆ మట్టిగోడ నిండా పెన్సిల్ పట్టేంత రంధ్రాలు. ఎండెక్కేకొద్దీ ఈగలు దూరుతున్నాయి, వస్తున్నాయి. రెండు గంటలు అక్కడే నిలబడ్డాం. ఎవరూ టికెట్ అడగలేదు.

"పొద్దుగూకినాక రాండి, ఎండుపుల్లకి కరుచుకోని పండుకుంటాయి" అందామె. దగ్గర్లోని హోటల్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు తిన్నాం, ప్లేటు 180. ఊరిబిండి పచ్చడి అడిగితే మళ్లీ మళ్లీ వేశారు, దానికి డబ్బు తీసుకోలేదు. తిరుపతికి ఆలస్యమవుతుందని నేను టెన్షన్ పడుతుంటే, ‘ఇంకాసేపు ఉందాం’ అన్నది మా ఆవిడే.

ఆరున్నరకి కంప దగ్గర ఒకే పుల్లకి ఏడు ఉన్నాయి, అన్నీ మగవే. కాళ్లు ముడుచుకుని, పుల్లని దవడలతో కరిచిపట్టుకుని నిద్రపోతున్నాయి. టార్చి వేయబోతే మా అమ్మ నా చెయ్యి పట్టుకుని, "లేస్తాయిరా" అంది, గుసగుసగా.