గోనె సంచిలో సూపర్‌చార్జర్, పలమనేరు రోడ్డులో మేస్త్రీ

పాత కారుకు సూపర్‌చార్జర్ (ఇంజను బెల్టుతో తిరుగుతూ ఇంజనులోకి అదనంగా గాలి తోసే పంపు; బ్లోవర్ అన్నా అదే) బిగిస్తామనేవాళ్లు చెన్నైలోనూ బెంగళూరులోనూ కావలసినంతమంది ఉన్నారు. మన దగ్గరున్న సామాను ఏ బండిదో, అందులో పనికొచ్చేదేదో పారేయాల్సిందేదో తేల్చాకే స్పానర్ పట్టుకునే మనిషి మాత్రం నాకు చిత్తూరులో దొరికాడు. పలమనేరు రోడ్డులో ఉన్న ఆ షెడ్డుకు బోర్డు కూడా లేదు. అసలు పని బోరు బండ్ల కంప్రెసర్లు, చెరకు గానుగల గేర్లు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల పంపులు. మేస్త్రీ తిరుచెంగోడులో పని నేర్చుకున్నాడట. బోరు బండ్లకు ఆ ఊరెంత పేరున్నదో తెలిసినవాళ్లకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

నాది 1489 సీసీ పెట్రోలు అంబాసిడర్. అందులోని బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ సిరీస్ ఇంజనుదీ, ఎంజీబీ స్పోర్ట్స్ కారులోని 1798 సీసీ ఇంజనుదీ ఒకటే వంశం. ఎంజీబీకి సూపర్‌చార్జర్ బిగించుకునేవాళ్లు ఉన్నారు, అందుకే ఈ ఇంజనుకు పెట్టడం వింతేమీ కాదు. వేలూరులో నాకు కారు అమ్మినాయన ఎప్పుడో ఎవరిచేతో బిగించి ఊడదీయించిన సామానంతా గోనె సంచిలో పోసి, "జర్మన్ కారుదండీ" అని చేతులు దులుపుకున్నాడు. ఫొటోలు చూసినవాళ్లు బెంజిదన్నారు, టయోటాదన్నారు.

మేస్త్రీ సంచిని నేల మీద గుమ్మరించి, ముందు బ్లోవర్‌ను డీజిలుతో కడిగాడు. పోతపోసిన ఈటన్ పేరు బయటపడింది. నాకైతే ఆ పేరుతో పని అయిపోయినట్టే అనిపించింది కానీ ఆయన దాన్ని లెక్కచేయలేదు. ఈటన్ అనేది బ్లోవర్లు తయారుచేసిన కంపెనీ, దాని బ్లోవర్లు చాలా కార్లలో ఉంటాయి. టార్చి వేసి లోపల మెలితిరిగిన మూడు రెక్కల రోటర్లు చూశాడు. తర్వాత వెనక్కి తిప్పి, కొసన ఉన్న చిన్న పంటి చక్రం మీద వేలు పెట్టి, "సార్, దీంతో నీళ్ల పంపు తిరిగేది" అన్నాడు. అక్కడితో తేలిపోయింది. సూపర్‌చార్జర్ వెనక నుంచి నీళ్ల పంపును తిప్పే ఏర్పాటు 2002-2006 నాటి మినీ కూపర్ ఎస్‌లో ఉండేది. అంటే ఇది ఈటన్ వాళ్ల ఎం45 మోడలు: ఒక చుట్టుకు 45 ఘనపు అంగుళాలు, మన లెక్కలో 737 సీసీ గాలి తోస్తుంది.

సంచిలో అయస్కాంతపు క్లచ్ ఒకటి ఉంది. టయోటా అన్నవాళ్లు దాన్ని చూసే అన్నారు, ఎందుకంటే టయోటా వాళ్ల ఎస్‌సీ14 లాంటి సూపర్‌చార్జర్లకు అలాంటి క్లచ్ ఉంటుంది. మేస్త్రీ దాన్ని షాఫ్టుకు ఆనించి చూపించాడు. రంధ్రమే కుదరలేదు. ఏదో కారు ఏసీ కంప్రెసర్‌ది, ఈ సంచిలో కలిసిపోయింది.

ముందు భాగంలోని ఆయిలు తీసినప్పుడు వచ్చిన కంపు షెడ్డంతా నిండింది. ఆ ఆయిలు కంపు కొట్టడం మామూలేనట. వెనక గేర్ల అరలో మాత్రం చుక్క లేదు. ఎం45కు ఇంజను ఆయిలుతో సంబంధం లేదు. రెండు కొసల్లోనూ దాని సింథటిక్ ఆయిలు దానికే ఉండాలి. పుల్లీ వెనకాల, దాని తిరుగుడును రోటర్లకు అందించే కప్లింగ్ అరిగి, చేత్తో తిప్పితే గచ్చకాయలు డబ్బాలో వేసి ఊపినట్టు చప్పుడు చేసింది. అది మార్చాడు, ఆయిలు తెప్పించి పోశాడు. రోటర్ల టైమింగ్ గేర్లను ముట్టుకోలేదు. వాటిని లాగి మళ్లీ ఎక్కించే సాధనం తన దగ్గర లేదని ముఖం మీదే చెప్పాడు. ఆ ఒక్క మాటకే ఈ షెడ్డుకు సగం మార్కులు వేశాను.

పుల్లీ లెక్క గోడ మీద సుద్దముక్కతో వేశాడు. ఒక్కో సిలిండరు రెండు చుట్లకోసారే గాలి పీలుస్తుంది కాబట్టి ఇంజను ఒక చుట్టుకు పీల్చేది 1489లో సగం, సుమారు 745 సీసీ. బ్లోవర్ కూడా చుట్టుకు ఒక చుట్టే తిరిగితే లాభం సున్నా. క్రాంక్ పుల్లీ ఐదు అంగుళాలు, బ్లోవర్‌ది మూడున్నర పెడితే 1.43 రెట్లు తిరిగి 1050 సీసీ దాకా తోస్తుంది. మినీ కారు చిన్న పుల్లీనే ఉంచితే బ్లోవర్ ఇంకా వేగంగా తిరిగి ఒత్తిడి పెరుగుతుంది, పాత పిస్టన్ల గతి అధోగతే. అంబాసిడర్‌ది వీ బెల్టు, బ్లోవర్‌ది ఆరు గాడుల బెల్టు కాబట్టి, క్రాంక్ ముందు బోల్టులతో బిగించేలా ఆరు గాడుల పుల్లీ లేత్ మీద తీశాడు. రెండు పుల్లీల మీదా స్టీలు స్కేలు ఆనించి, వెంట్రుకవాసి సందు కనిపించినా బ్రాకెట్ విప్పి పలచటి రేకు దూర్చాడు. ఆ పనితనం చూస్తూ కూర్చోవచ్చు.

కార్బురేటరు బ్లోవర్‌కు ముందే ఉంది కాబట్టి గొట్టం నిండా పెట్రోలు కలిసిన గాలి ఉంటుంది. ఇంజను ఎదురు పేలితే ఆ ఒత్తిడి బయటికి పోయి బ్లోవర్ పాడవకుండా, ఇంజనులోకి గాలి పంచే మానిఫోల్డుకు స్ప్రింగు వాల్వు ఉండి తీరాలి. మొదట బిగించిన మహానుభావుడు అది పెట్టనేలేదు! మేస్త్రీ పెట్టాడు.

ఇక తిట్లు. చెప్పిన తేదీకి పని ఇవ్వడు. బోరు బండి వస్తే మన కారు మూలకు పోతుంది, ఎండాకాలంలో అటు వెళ్లడమే దండగ. ఫోను ఎత్తడు. సామాను గుర్తించినందుకు విడిగా 1,500 రూపాయలు తీసుకున్నాడు; దానికి మాత్రం నాకు అభ్యంతరం లేదు, పుల్లీకి 4,200 తీసుకోవడం ఎక్కువే. కారు ఇచ్చేటప్పుడు, ఈ మార్పుకు రవాణా శాఖ అనుమతి బాధ్యత నాదేనని బిల్లు మీద రాయించి సంతకం పెట్టించుకున్నాడు. అనుమతి లేకుండా బండిని మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉండగా అతని జాగ్రత్త అతనిది.

అందుకే ప్రస్తుతానికి మా బావగారి మామిడితోట దారిలోనే నడుపుతున్నాను. మూడో గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు బ్లోవర్ ఒత్తిడి మీటరు ఐదు పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఐదు పౌండ్లు) చూపిస్తోంది, గేరు దించాల్సిన పని లేదు. బ్లోవర్ ఈల సన్నగా వినిపిస్తుంది, కప్లింగ్ చప్పుడు పోయింది. ఇంజను ఆపాక కార్బురేటరు చుట్టూ వేడి మాత్రం ఎక్కువే; ఈ ఇంజనులో సైలెన్సరు మానిఫోల్డు కూడా అదే పక్కన ఉంటుంది. మధ్యలో రేకు అడ్డు పెట్టించాలి.

వెళ్లేవాళ్లు క్రాంక్ పుల్లీ విప్పి తీసుకెళ్లండి, కొలత ఫోనులో చెబితే ఒప్పుకోడు. ఉదయం తొమ్మిదిలోపు వెళ్తేనే మాట్లాడే తీరిక ఉంటుంది.